తోటలో గుండుసూదులు

స్టేషన్లో ఆమెను అందరూ చిన్నపటం అంటారు. నలభై దాటి, చెంపల దగ్గర నెరుపు తొంగి చూస్తున్న మనిషిని పట్టుకుని చిన్న అనడమేమిటని కొత్తగా వచ్చిన కానిస్టేబుళ్ళు విస్తుపోతారు. పెద్దపటం వాళ్ళ నాన్న అని పాతవాళ్ళు నవ్వుతూ చెబుతారు. ఆయన ఆ స్టేషన్లో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయ్యాడు. మధ్యలో లాఠీ పట్టింది లేదు, టోపీ పెట్టింది లేదు, ఒక్క దొంగ వెంటైనా పరుగెత్తిన పాపాన పోలేదు.

ఆయన చేసిందల్లా ఒకటే. మేడ మీది గదిలో గోడ నిండా ఊరి పటం వేలాడదీసి, ఫిర్యాదు వచ్చినప్పుడల్లా దాని మీద ఒక గుండుసూది గుచ్చాడు. ఎర్ర తల ఉన్నది దొంగతనానికి, నీలం తలది కొట్లాటకు, పసుపుది మోసానికి. ఏడాది చివర ఏ వీధిలో ఏ రంగు చిక్కబడిందో చూసి పై అధికారులు వార్షిక నివేదిక రాసుకునేవారు. గస్తీ ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో దాన్నిబట్టే తేలేది. కొత్త ఏడాది రాగానే సూదులన్నీ పీకి డబ్బాలో వేసి, మళ్ళీ మొదటి నుంచి గుచ్చుకుంటూ రావడమే.

ఆయన దిగిపోయాక ఆ కుర్చీ, ఆ డబ్బా కూతురికి వచ్చాయి. పరీక్ష రాసి తెచ్చుకుంది లెండి, ఊరికే రాలేదు. అయినా చిన్నపటం అన్న పేరు మాత్రం వారసత్వమే.

ఆ గదిలో మధ్యాహ్నాలు చాలా మెత్తగా ఉంటాయి. కింద కేకలూ టెలిఫోన్లూ సద్దుమణుగుతాయి. కిటికీలోంచి ఎండ వచ్చి పటం మీద వాలుతుంది. ముందు రైలు గేటు మీద పడుతుంది, అక్కడి నుంచి బట్టల దుకాణాల వీధిలోకి మళ్ళుతుంది, ఆసుపత్రి దాటి మెల్లగా పాత కాలనీ వైపు నడుస్తుంది. చిన్నపటం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దాని వెంట వెళుతుంది. కుర్చీలోంచి కదలకుండానే ఊరంతా తిరిగొస్తుంది. బయట నిజం వీధుల్లో నడుస్తున్నప్పుడు కూడా ఆమెకు ఒక్కోసారి ఆ సూది తలలే కనబడతాయి. ఇదిగో ఈ మలుపులో ఎరుపు, ఆ అరుగు దగ్గర నీలం అనుకుంటూ పోయి ఎదుటి మనిషిని ఢీకొట్టిన రోజులున్నాయి.

ఊరు మారుతూ వచ్చిన సంగతి ఆమెకు రంగుల్లోనే తెలుసు. నాన్న కాలమంతా ఎర్రెర్రగా ఉండేది. సైకిళ్ళు పోయేవి, దండెం మీద బట్టలు పోయేవి, తాళాలు విరిగేవి. తర్వాత మెడలో గొలుసుల కాలం వచ్చింది, దాని వెనకే జేబుల్లో ఫోన్ల కాలం. నీలం మాత్రం సారా దుకాణం సందును అంటిపెట్టుకునే ఉంది, దానికి ఇంకో చోటు నచ్చదు. ఈ మధ్య కొన్నేళ్ళుగా ఎరుపు పల్చబడింది. దొంగ గోడ దూకడం మానేశాడు. ఎక్కడో కూర్చుని ఫోన్ చేస్తాడు, మీ ఖాతా ఆగిపోయిందంటాడు, మీ వాడు ప్రమాదంలో ఉన్నాడంటాడు. అవతలివాళ్ళు గాభరా పడి అడిగిన అంకెలన్నీ చెప్పేస్తారు. అక్కడికి సరి.

చిక్కల్లా ఆ పసుపు సూదిని ఎక్కడ గుచ్చాలన్నదే. దొంగ ఏ ఊళ్ళో ఉన్నాడో దేవుడికెరుక. పోగొట్టుకున్నవాళ్ళ ఇంటి మీద గుచ్చితే, ఒకసారి ఆ ఇంటాయన మేడ మీదికి వచ్చి చూసి లబోదిబోమన్నాడు. “మా ఇల్లు పోలీసు పటంలోకెక్కిందా? ఇక మా పిల్లకి సంబంధాలొస్తాయా?” అని గోల. సూది పీకి ఆయన చేతిలో పెట్టాక గాని మెట్లు దిగలేదు.

అలాంటప్పుడు ఏం చేయాలో నాన్న ఉద్యోగం అప్పగించిన రోజే చెప్పాడు. “ఎక్కడ పోయిందో తెలీనివన్నీ తోటలో పెట్టెయ్” అన్నాడు. పటం నడిమధ్యన ఊరి తోట ఆకుపచ్చగా ఉంటుంది. అక్కడ ఇల్లు లేదు, కొట్టు లేదు, నొచ్చుకునేవాళ్ళు లేరు. నాన్న రోజుల్లో అక్కడ నాలుగైదు సూదులుండేవి. బస్సులో మరిచిపోయిన గొడుగు, దారిలో జారిపోయిన సంచీ, అంతే. కూతురు కూడా మారు మాట లేకుండా అదే పద్ధతి పట్టుకుంది. ఫోన్ మోసాలు పెరిగేకొద్దీ తోట పసుపుపచ్చగా పూస్తూ వచ్చింది. నిజం చెప్పాలంటే చిన్నపటానికి అది చూడముచ్చటగా ఉండేది. ఎండ ఆ ముక్క మీదికి వచ్చినప్పుడు పని ఆపి మరీ చూసేది. దాన్ని ఇంకొకరు ఇంకోలా చదవగలరన్న ఆలోచన ఆ పిచ్చితల్లికి ఏనాడూ రాలేదు.

చదివే మనిషి ఆ ఏడు వచ్చాడు. కొత్త ఇన్‌స్పెక్టర్ చిన్నవాడు, బుద్ధిమంతుడు. అంతకుముందు వచ్చినవాళ్ళు నివేదికను తూతూమంత్రంగా ముగించేవారు. ఈయన ఏడాది చివర స్వయంగా మేడెక్కి, పటం ముందు నిలబడి, చేతిలో టీ చల్లారిపోయేదాకా చూశాడు. ఫోన్‌తో ఒక ఫోటో తీసుకున్నాడు. ఏమీ అనకుండా దిగిపోయాడు.

వారం తిరిగేసరికి టైపు చేయమని నివేదిక ఆమె బల్ల మీదికి వచ్చింది. ఇళ్ళలో దొంగతనాలు తగ్గాయి, కొట్లాటలు ఎప్పటిలాగే ఉన్నాయి, మోసాలు పెరిగాయి అని కొట్టుకుంటూ పోయింది. తర్వాతి పేజీ దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఊళ్ళోని మోసాల్లో ఎక్కువ భాగానికి తోటే కేంద్రమట. ఒక ముఠా అక్కడి బెంచీల మీద చేరి, చెట్ల చాటున ఫోన్లు చేస్తున్నట్టు అనుమానమట. కాబట్టి బెంచీలు తీసేయాలి, రోడ్డు మీదికి కనబడేలా చెట్లు కొట్టేయాలి, కొత్త ఏడాది నుంచి గేటుకు తాళం వేయాలి.

ఆమె ఆ కాగితం పట్టుకుని కిందికి పరుగెత్తింది. ఇన్‌స్పెక్టర్ గదిలో పక్క స్టేషన్ నుంచి తెప్పించిన కానిస్టేబులు మామూలు బట్టల్లో నిలబడి తోటలో చూసింది అప్పజెబుతున్నాడు.

“ముసలాయన ఒకడున్నాడు సార్. రోజూ సాయంత్రం అదే బెంచీ. తెల్ల జుట్టు, చేతిలో ఫోను. పక్కన ఎవరూ ఉండరు, కానీ మాట్లాడుతూనే ఉంటాడు. మధ్యలో నవ్వుతాడు కూడా. నాకెందుకో వాడి వాలకం తేడాగా ఉంది సార్.”

ఆ ముసలాయన ఎవరో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్న ప్రతి సాయంత్రం తోటకు వెళతాడు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఆ బెంచీ మీదే కూర్చునేవారట. ఇంట్లో ముభావంగా ఉండే మనిషి అక్కడ అమ్మతో మాట్లాడుకుంటాడని ఆమెకు ఇప్పుడే తెలిసింది. అదీ ఒక పోలీసు నోట తెలిసింది.

“చెప్పండమ్మా, ఏంటి?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆమె నోరు తెరిచేలోపే ఆయన మళ్ళీ అందుకున్నాడు. “ఆదివారం హాల్లో నివేదిక చదువుతున్నాం కదా, మీ నాన్నగారిని తీసుకురండి. ముందు వరసలో కుర్చీ వేయిస్తున్నాను. ఇదంతా ఆయన పటం చలవేనని ఊరందరి ముందూ చెప్పాలి.”

ఆమె సరే సార్ అని బయటికి వచ్చి, మిగతా పేజీలు కూడా టైపు చేసి ఇచ్చేసింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. నిజం చెబితే నాన్న బతుకంతా చేసిన పని తప్పుల తడకని తనే ఊరికి చాటినట్టు. చెప్పకపోతే నాన్నకు మిగిలిన ఆ ఒక్క బెంచీ పోతుంది. ఆ చెట్లూ పోతాయి.

సాయంత్రం తోటకు వెళ్ళింది. నీళ్ళు పట్టే ఆవిడ గొట్టం లాక్కుంటూ పాదుల మధ్య తిరుగుతోంది. తడి మట్టి వాసన వస్తోంది. కాస్త దూరంలో మామూలు బట్టల కానిస్టేబులు పేపర్లో ఒకే పేజీని గంట నుంచీ చదువుతున్నాడు. నాన్న బెంచీ మీద ఉన్నాడు. ఆమెను చూసి మాట ఆపేశాడు.

“ఏంటే, ఇటొచ్చావు?”

“ఊరికే.” పక్కన కూర్చుంది. ఆకుల సందుల్లోంచి వెలుగు చిల్లులు చిల్లులుగా ఆయన చొక్కా మీద ఆడుతోంది. “నాన్నా, తెలీనివన్నీ తోటలోనే పెట్టమన్నావు కదా. ఎందుకని?”

ఆయన చెబుదామా వద్దా అన్నట్టు చెట్ల వైపు చూశాడు.

“మొదట్లో డ్రాయర్లో పడేసేవాణ్ణి. ఒకసారి ఒకామె వచ్చింది. ఎక్కడ పోయిందో చెప్పలేకపోతే రాసుకుని లాభమేంటని పైవాళ్ళు కసిరారు. పాపం, మేడ మీదికొచ్చి పటం ముందు నిలబడింది, నాది ఎక్కడుందండీ అంటూ. డ్రాయర్లో ఉందని ఎలా చెప్పను? ఎక్కడ పోయిందో తెలీనంత మాత్రాన పోలేదనా? ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అని తోటలో గుచ్చాను. నీడపట్టునైనా ఉంటుందనిపించింది. ఆమె చూసి వెళ్ళిపోయింది. ఇంకేం అడగలేదు.”

చిన్నపటానికి నాన్న మీద ప్రేమ పొంగుకొచ్చింది. అలాంటాయనకు అసలు విషయం చెప్పడానికి నోరు పెగల్లేదు. చీకటి పడ్డాక ఇద్దరూ ఇంటికి నడిచారు. పేపరు మడిచి కానిస్టేబులు కూడా కొంత దూరం వెంట వచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె బల్ల మీద తల వాల్చింది. కునుకు పట్టింది. పటంలోకి ఎప్పుడు దిగిందో తెలియదు. కాళ్ళ కింద రోడ్లు కాగితంలా మెత్తగా అణిగిపోతున్నాయి. ఇళ్ళన్నీ గీతల్లోనే ఉన్నాయి, తలుపుల్లేవు. తోటలో సూదులు స్తంభాలంత ఎత్తున నిలబడి ఉన్నాయి. పైన వాటి పసుపు గుండ్లు దీపాల్లా వెలుగుతున్నాయి. కింద జనం వంగి వంగి దేన్నో వెతుక్కుంటున్నారు. గొడుగు కోసం ఒకరు, గొంతు మాత్రమే విన్న మనిషి కోసం మరొకరు. నాన్న వాళ్ళ మధ్య తిరుగుతూ, కాసేపు కూర్చోండమ్మా, కూర్చోండి బాబూ అంటున్నాడు. కానీ అక్కడ ఒక్క బెంచీ లేదు. ఎవరూ కూర్చోలేక అలాగే నిలబడ్డారు. నాన్నకు కాళ్ళు వణుకుతున్నాయి.

ఆమె ఉలిక్కిపడి లేచింది. ముఖమైనా కడుక్కోకుండా తిన్నగా కిందికి దిగింది.

“సార్, తోటలో ఏమీ జరగలేదు” అంది. ఇక కుండ బద్దలు కొట్టినట్టు అంతా చెప్పేసింది. ఆ పద్ధతి నాన్న నేర్పిందన్న ఒక్క మాట మాత్రం మింగేసింది. ఇన్‌స్పెక్టర్ కలం బల్ల మీద పెట్టాడు.

“ముఠా లేదంటారు.”

“లేదు సార్.”

“ఆ ముసలాయన?”

“మా నాన్న సార్.”

ఆయన ముఖం వెలవెలబోయింది. తర్వాత నవ్వొచ్చింది గాని దాన్ని అక్కడే అణచుకున్నాడు. “నివేదిక పైకి వెళ్ళిపోయిందమ్మా. తోట ప్రమాదమని ఇప్పటికే ఊరంతా గుప్పుమంది. రేపు నేను లేచి, అబ్బే, ఏం లేదంటే ఎవరు నమ్ముతారు? ఈ పద్ధతి ఎవరిది?”

“నాదే సార్.”

“అయితే ఆ మాట ఊరివాళ్ళకు మీరే చెప్పాలి. మీకు మెమో ఇవ్వక తప్పదు, ఏమనుకోకండి.”

ఆదివారం హాలు నిండింది. నివేదిక కోసం వచ్చినవాళ్ళు కొందరు, ఫ్యాన్ల గాలికి వచ్చినవాళ్ళు ఎక్కువమంది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో నిటారుగా కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఏడాది పని చదివాడు. తప్పిపోయి దొరికిన పిల్లల సంగతి చెప్పాడు, రోడ్డు ప్రమాదాల సంగతి చెప్పాడు. ఫోన్ మోసాల గురించి చెబుతూ, సిగ్గుపడి స్టేషన్‌కు రానివాళ్ళు వచ్చినవాళ్ళకన్నా ఎక్కువుంటారని అన్నాడు. అప్పుడు చాలామంది తల దించుకున్నారు. తర్వాత తోట విషయంలో ఒక పొరపాటు జరిగిందని చెప్పి ఆమెను పిలిచాడు.

మైకు ముందు నిలబడి, నాన్న వైపు చూడకుండా మాట్లాడింది. “తోటలో ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదండీ. ఎక్కడ పోయిందో తెలీని ఫిర్యాదులన్నిటికీ ఆ పటంలో నేను తోటలో గుండుసూదులు గుచ్చాను. చూసేవాళ్ళకి తోటంతా దొంగలే అనిపించేలా అయింది. ఆ పద్ధతి నేనే పెట్టాను. తప్పు నాదే. క్షమించండి.”

హాల్లో గుసగుసలు లేచాయి. ముందు వరసలో కుర్చీ కిర్రుమంది.

“మా అమ్మాయి అబద్ధం చెబుతోంది” అన్నాడు నాన్న.

ఆయన లేచి నిలబడి జనం వైపు తిరిగాడు.

“పోలీసుల దగ్గర అబద్ధాలాడకూడదని చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాను, వినదు.” ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. “ఆ పద్ధతి నాది. ఇది నా దగ్గర నేర్చుకుంది. మీలో ఎవరికైనా ఏదైనా పోయి, ఎక్కడ పోయిందో తెలీక స్టేషన్‌కి వచ్చుంటే, మీది ఆ తోటలోనే ఉంది. చోటు తెలీదని పారెయ్యడానికి మనసొప్పక అలా చేశాను. దానివల్ల ఇంత గొడవవుతుందని తోచలేదు. తప్పే.”

వెనక వరసలో బట్టలు కుట్టే ఆవిడ లేచింది. ఆమె డబ్బు ఫోన్లోనే పోయింది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకూ స్టేషన్లోవాళ్ళకూ తప్ప ఎవరికీ తెలియదు. “నాది కూడా ఉందాండీ?” అని అడిగింది. అందరూ వెనక్కి తిరిగారు. ఆమె కూర్చోలేదు.

“ఉందమ్మా” అంది చిన్నపటం మైకులో. “గేటు పక్కనే ఉంది. నేనే పెట్టాను.”

“సరే” అంది ఆవిడ. కూర్చుంది. ఆ వెంటనే ఇంకో మూల నుంచి ఒక పెద్దమనిషి లేచి, తను ఇప్పటిదాకా ఫిర్యాదు ఇవ్వలేదనీ, ఇప్పుడిస్తే తీసుకుంటారా అనీ అడిగాడు. ఆయన వెనక మరొకరు. ఇన్‌స్పెక్టర్ కాగితాలు పక్కన పెట్టి, వాళ్ళ దగ్గరికి కిందికి దిగి వెళ్ళాడు. వెళుతూ వెళుతూ, బెంచీలూ చెట్లూ ఎక్కడివక్కడే ఉంటాయని, గేటు తెరిచే ఉంటుందని మైకు అక్కరలేకుండానే చెప్పాడు.

హాలు బయటికి వచ్చాక నాన్న ఆమెతో పలకలేదు. ఆమె ఏదో అడిగింది, ఆయన ఊఁ అనలేదు. ఇంటి వీధి వచ్చినా మళ్ళకుండా తిన్నగా తోటకు నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది. పొద్దు వాలుతోంది. దారి పొడుగునా పసుపు వెలుగు పరుచుకుని ఉంది. బెంచీ దగ్గరికి వచ్చాక ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు గాని ముఖం మాత్రం తిప్పుకునే ఉన్నాడు.

“నామోషీగా ఉందా నాన్నా?”

“ఉంది.”

“అందుకే నేను నా మీద వేసుకున్నాను. నీ పేరు పోకూడదని.”

“నా పేరు ఈ ఊళ్ళో ఎక్కడుందే పోవడానికి?” ఆయన గొంతు పెద్దదైంది. మళ్ళీ తనే తగ్గించుకున్నాడు. “దొంగను పట్టానా, రోడ్డు వేశానా? పై వాళ్ళు చెప్పిందల్లా చేశాను. ఆ గదిలో నా సొంతంగా, నా బుర్రతో ఆలోచించి చేసింది అదొక్కటే. తప్పో ఒప్పో, నాది. నువ్వు అంతమందిలో నిలబడి అది నాదీ అంటుంటే, నన్ను ఆ గదిలోంచి మెడపట్టి గెంటినట్టయింది. దాన్ని కూడా నువ్వు పట్టుకుపోతే, ఇక్కడ కూర్చుని మీ అమ్మకి నేనేం చెప్పుకోను?”

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకోలేదు. ఆయన రుమాలు అందించలేదు, ఊరడించలేదు, చెయ్యి మాత్రం ఆమె భుజం మీద వేసి ఉంచాడు. కాసేపటికి ఆమె ముక్కు చీదుకుని, “అయితే చెప్పు. నేనున్నానని మొహమాటపడకు” అంది.

ఆయన బెంచీకి అవతలి ఖాళీ వైపు కొంచెం ఒరిగి, “విన్నావా, ఇవాళ హాల్లో ఏమైందో” అని మొదలుపెట్టాడు.

సగంలో ఉండగా నీళ్ళు పట్టే ఆవిడ గొట్టం లాక్కుంటూ వచ్చి, కాళ్ళు తడుస్తాయి, తీయండి అంది. తండ్రీ కూతుళ్ళిద్దరూ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు.